పటాన్‌చెరు సరుకు చివరికి ఎవరి చేతికి? ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ వస్తే ముందు చూడాల్సిన 'స్కోమెట్' లిస్ట్‌లో అసలేముంది?

2025 జులైలో రాయిటర్స్ వార్తా సంస్థ ఓ కథనం ఇచ్చింది. తెలంగాణకు చెందిన ఐడియల్ డిటోనేటర్స్ ప్రైవేట్ లిమిటెడ్ అనే కంపెనీ 2024 డిసెంబర్‌లో రష్యాకు 14 లక్షల డాలర్ల విలువైన పేలుడు పదార్థం పంపిందని, భారత కస్టమ్స్ డేటాలోనే ఆ వివరాలు ఉన్నాయని ఆ కథనం సారాంశం. ఆ పదార్థం పేరు హెచ్ఎంఎక్స్. కొన్నవాటిలో ఒక రష్యా కంపెనీకి అక్కడి సైన్యంతో సంబంధాలున్నాయని ఉక్రెయిన్ భద్రతా సంస్థ అధికారి ఒకరు చెప్పినట్టు కూడా అందులో ఉంది.

దీనిపై మన విదేశాంగ శాఖ స్పందించింది. రెండు రకాలుగా వాడుకోగలిగే వస్తువుల ఎగుమతుల విషయంలో భారత్ తన అంతర్జాతీయ బాధ్యతలను దృష్టిలో పెట్టుకునే నడుస్తోందని, దానికి గట్టి చట్టం, నిబంధనలు ఉన్నాయని చెప్పింది. రష్యాపై భారత్ ఎలాంటి ఆంక్షలు పెట్టలేదు. కాబట్టి ఆ దేశానికి అమ్మడమే తప్పు అని మన చట్టం ఎక్కడా చెప్పదు. ఇందులో కన్ఫ్యూజన్ అక్కర్లేదు.

చర్చ మొత్తం రష్యా–ఉక్రెయిన్ యుద్ధం చుట్టూనే తిరిగింది. కానీ హెచ్ఎంఎక్స్‌కి ఇంకో ముఖం ఉంది. అది చాలామందికి తెలియదు.

గనుల్లో, ఆయిల్ బావుల్లో చిన్న మోతాదుల్లో హెచ్ఎంఎక్స్ వాడతారు. మిస్సైల్ వార్‌హెడ్లలోనూ వాడతారు. వీటితో పాటు, అణుబాంబులో యురేనియం లేదా ప్లుటోనియం ముద్దను నలువైపుల నుంచీ ఒకేసారి లోపలికి నొక్కాలంటే ఇలాంటి హై ఎక్స్‌ప్లోజివ్ కావాలి. అందుకే అణు సరఫరా దేశాల కూటమి ఎన్‌ఎస్‌జీ తయారుచేసిన 'రెండు రకాల వాడకం' వస్తువుల జాబితాలో హెచ్ఎంఎక్స్ పేరు నేరుగా ఉంటుంది. ఇరాక్‌లో అల్ కకా అనే చోట దాదాపు 195 టన్నుల హెచ్ఎంఎక్స్‌కు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సీల్ వేసి పెట్టింది. 2003 యుద్ధం తర్వాత ఆ నిల్వ మాయమైంది. 2004 అక్టోబర్‌లో సంగతి బయటపడితే అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలోనే అది పెద్ద గొడవైంది. మామూలు పేలుడు పదార్థానికి అణుశక్తి సంస్థ సీల్ ఎందుకు వేసిందో ఇప్పుడు అర్థమవుతుంది.

అంటే ఒకే డబ్బా. గని కాంట్రాక్టర్ కొంటే రాయి పగులుతుంది. ఇంకొకరు కొంటే ఏమవుతుందో చెప్పలేం. ఎగుమతి నియంత్రణల గొడవంతా దీని గురించే. సంగారెడ్డి, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు యూనిట్ నడిపేవాళ్లకి ఇది దూరపు విషయం అనిపించొచ్చు. 'మాది బల్క్ డ్రగ్, మాది జాబ్ వర్క్, మాకేం బాంబుల గోల' అనుకోవడం సహజం. కానీ లిస్ట్ తెరిచి చూస్తే లెక్క మారిపోతుంది.

స్కోమెట్ అంటే ఏంటి?

మన దేశంలో ఈ జాబితాను స్కోమెట్ అంటారు. స్పెషల్ కెమికల్స్, ఆర్గానిజమ్స్, మెటీరియల్స్, ఎక్విప్‌మెంట్, టెక్నాలజీస్.. ఈ మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉండే డీజీఎఫ్‌టీ దీన్ని నోటిఫై చేస్తుంది. 0 నుంచి 8 వరకు కేటగిరీలు. 0లో అణు పదార్థాలు, వాటికి సంబంధించిన పరికరాలు. 1లో విషపూరిత రసాయనాలు, 2లో సూక్ష్మజీవులు. 3లో మెటీరియల్స్, వాటిని ప్రాసెస్ చేసే పరికరాలు. 4లో అణు రంగానికి పనికొచ్చే ఇతర పరికరాలు. 5లో ఏరోస్పేస్, 6లో ఆయుధాలు. 7 ప్రస్తుతం ఖాళీ. 8లో ఎలక్ట్రానిక్స్, సెన్సర్లు, లేజర్లు లాంటివి. కేటగిరీ 0కి పర్మిషన్ ఇచ్చేది అణుశక్తి విభాగం. 6కి రక్షణ ఉత్పత్తుల విభాగం. మిగతావి దాదాపు డీజీఎఫ్‌టీ చేతిలోనే.

లిస్ట్‌లో ఉన్న సరుకు ఎగుమతి చేయడం నిషేధం కాదు. ఈ ముక్క గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే భయపడి వదిలేస్తారు. లైసెన్స్ తీసుకుని పంపొచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో వెళ్తుంది. ఢిల్లీలో విదేశాంగ శాఖ, రక్షణ శాఖ, డీఆర్‌డీవో, అణుశక్తి విభాగం, ఇస్రో లాంటి సంస్థల ప్రతినిధులుండే ఓ ఉమ్మడి బృందం పరిశీలిస్తుంది. కొన్నది ఎవరు, ఎక్కడ పెడతారు, దేనికి వాడతారు అని అడుగుతారు. కొనేవాడు సంతకం చేసిన ఎండ్ యూజ్ సర్టిఫికెట్ తప్పనిసరి.

చట్టం వైపు చూస్తే రెండున్నాయి. ఒకటి 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం. 2010లో సవరించి స్కోమెట్ సరుకులకు ప్రత్యేక అధ్యాయం చేర్చారు. రెండోది 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం. అణు, రసాయన, జీవాయుధాలు తయారుచేసినా, వాటిని వేరేవాళ్లకి చేరవేసినా ఈ చట్టంలో కనీసం 5 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా జైలు ఉంది. 2022లో దీనికి ఇంకో సవరణ వచ్చింది. అలాంటి పనులకు డబ్బు సమకూర్చడం కూడా నేరమే అని చేర్చారు.

అసలు ట్విస్ట్ 2005 చట్టంలోనే ఉంది. మీ సరుకు లిస్ట్‌లో లేకపోయినా సరే, అది అణ్వాయుధాల పనికో, వాటిని మోసే మిస్సైల్ పనికో వెళ్తోందని తెలిసి పంపితే నేరమే. దీన్నే 'క్యాచ్ ఆల్' అంటారు. 'మాది లిస్ట్‌లో లేదు కదా' అనే మాట అన్నిసార్లూ కాపాడదు.

మన బెల్ట్‌లో ఏమేం వస్తాయి?

బల్క్ డ్రగ్ యూనిట్‌లోకి అడుగుపెడితే కనిపించేవి వరసగా రియాక్టర్లు. 1 కేఎల్, 3 కేఎల్, 5 కేఎల్ అని పిలుచుకునే జీఎల్ఆర్‌లు, అంటే లోపల గాజు పూత ఉన్న రియాక్టర్లు. యాసిడ్ పోసినా తినేయకుండా ఉండాలని ఆ పూత. స్కోమెట్ కేటగిరీ 3లో ఉన్న రూల్ ఏం చెబుతుందంటే.. 100 లీటర్ల కంటే పెద్దది, 20,000 లీటర్ల కంటే చిన్నది అయిన రియాక్టర్ లోపల రసాయనం తగిలే భాగమంతా గాజు పూతతోనో, టైటానియంతోనో, టాంటలమ్‌తోనో, నికెల్ ఎక్కువున్న మిశ్రలోహంతోనో ఉంటే అది నియంత్రిత వస్తువు. కారణం సింపుల్. నెర్వ్ గ్యాస్ లాంటివి చేసేవాడికీ తుప్పు పట్టని పాత్రే కావాలి.

కొలతలు ఇంకోసారి చూడండి. 100 నుంచి 20,000 లీటర్లు. మన ఫార్మా యూనిట్లలో నడిచే జీఎల్ఆర్‌లు చాలావరకు ఈ మధ్యలోకే వస్తాయి. మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ రియాక్టర్ అయితే ఈ రూల్ తగలదు. పక్కనే ఉన్న హ్యాస్టెల్లాయ్ రియాక్టర్‌కి తగులుతుంది, ఎందుకంటే అందులో నికెల్ సగానికి పైనే. ఒకే షెడ్‌లో, ఒకే సైజులో పక్కపక్కన నిలబడ్డ రెండు రియాక్టర్లలో ఒకటి ఫ్రీ, ఇంకొకటి లైసెన్స్ సరుకు. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మెటీరియల్ సర్టిఫికెట్ చూస్తేగానీ తెలియదు.

కొత్తవి తయారుచేసే పెద్ద కంపెనీలకి ఈ రూల్స్ కొట్టినపిండే. వాళ్లకి కంప్లయన్స్ టీమ్ ఉంటుంది. నాకు భయం వేసేది సెకండ్ హ్యాండ్ మార్కెట్ గురించి. ఓ యూనిట్ మూతపడితే రియాక్టర్లు, కండెన్సర్లు, పంపులు అన్నీ స్క్రాప్ రేటుకో, అంతకు కొంచెం పైకో చేతులు మారతాయి. పాలిష్ చేసి, పూత చెక్ చేసి, ఎవరో విదేశీ కొనుగోలుదారుకి అమ్ముతారు. వాడిన మెషీన్ కాబట్టి రూల్ వర్తించదు అని ఎక్కడా లేదు. కానీ ఇన్వాయిస్‌లో 'యూజ్డ్ కెమికల్ ఎక్విప్‌మెంట్' అని ఒక్క లైన్ రాస్తే.. లోపల గాజు పూత ఉందా, ఎన్ని లీటర్లు, ఏదీ కనిపించదు.

రసాయనాల్లోనూ ఇదే కథ. థయోనిల్ క్లోరైడ్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ వాడని బల్క్ డ్రగ్ కెమిస్ట్ ఉండడు. రెండూ రసాయన ఆయుధాల ఒప్పందం మూడో షెడ్యూల్‌లో ఉన్నాయి.

ఇక అణు వైపు వద్దాం. ఇక్కడ ఓ సరదా గందరగోళం ఉంది. పటాన్‌చెరులో సెంట్రిఫ్యూజ్ అంటే మందు పొడిలోంచి సాల్వెంట్ పిండే బాస్కెట్ మెషీన్. వార్తల్లో ఇరాన్ సెంట్రిఫ్యూజ్ అంటే యురేనియం శుద్ధి చేసే సన్నటి గొట్టం, ధ్వని కంటే వేగంగా తిరిగేది. పేరొక్కటే, పని వేరు. మన బాస్కెట్ సెంట్రిఫ్యూజ్‌తో బాంబు రాదు, భయపడక్కర్లేదు.

కానీ ఆ సన్నటి గొట్టం తయారవ్వాలంటే కావాల్సినవి మాత్రం మన మెషీన్ షాపుల్లో కనిపించే రకాలే. మరేజింగ్ స్టీల్ అనే గట్టి ఉక్కు, హై స్ట్రెంగ్త్ అల్యూమినియం గొట్టాలు, కార్బన్ ఫైబర్. ఐదు యాక్సిస్‌ల మీద ఒకేసారి కదులుతూ మైక్రాన్ల తేడా లేకుండా కోసే సీఎన్‌సీ మెషీన్లు. మోటార్ వేగాన్ని మార్చే ఫ్రీక్వెన్సీ ఛేంజర్లు, బెలోస్ సీల్ వాల్వులు, వాక్యూమ్ పంపులు. తుప్పు పట్టని ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్లు కూడా. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో తయారైన ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్లను చైనా మీదుగా ఇరాన్‌కి పంపిన కేసులో ఓ చైనా పౌరుడికి 2016లో బోస్టన్ కోర్టు 9 ఏళ్ల జైలు వేసింది. అరచేతిలో పట్టే పరికరం అది.

మలేషియాలో ఓ మెషీన్ షాప్‌కి ఏమైంది?

పటాన్‌చెరులోనో బాలానగర్‌లోనో లేత్ మెషీన్ నడిపే ప్రతి ఓనర్‌కీ ఈ కథ తెలియాలి. కౌలాలంపూర్ పక్కన షా ఆలం అనే ఊళ్లో స్కోమి ప్రెసిషన్ ఇంజనీరింగ్ అనే కంపెనీ ఉండేది. షార్ట్‌గా స్కోప్. దుబాయ్‌లో వ్యాపారం చేసే ఓ శ్రీలంక వ్యక్తి ద్వారా ఆర్డర్ వచ్చింది. 14 రకాల అల్యూమినియం పార్టులు, విలువ దాదాపు 1.3 కోట్ల రింగిట్లు. ఆయిల్, గ్యాస్ రంగానికి కావాలని చెప్పారు. డ్రాయింగ్ ఇచ్చారు, కోశారు, ప్యాక్ చేశారు, పంపారు. 2002 డిసెంబర్ నుంచి 2003 ఆగస్టు మధ్య నాలుగు విడతల్లో సరుకు దుబాయ్ వెళ్లింది.

2003 అక్టోబర్‌లో బీబీసీ చైనా అనే నౌకను ఇటలీలోని టరాంటో రేవుకి మళ్లించి సోదా చేశారు. ఐదు కంటైనర్లు దింపారు. చెక్క పెట్టెల మీద స్కోప్ కంపెనీ పేరు అలాగే ఉంది. సరుకు వెళ్తోంది లిబియాకి. లోపలున్నవి యురేనియం సెంట్రిఫ్యూజ్ భాగాలు. వెనకున్నది పాకిస్థాన్ అణు శాస్త్రవేత్త ఏ.క్యూ.ఖాన్ నెట్‌వర్క్.

2004 ఫిబ్రవరిలో మలేషియా పోలీసులు నివేదిక బయటపెట్టారు. ఆ పార్టులు దేనికోసమో ఫ్యాక్టరీలో వాళ్లకి తెలియదని అందులో ఉంది. అక్కడ పని చూసుకోవడానికి పెట్టిన స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఒకరు, వ్యాపార రహస్యం పేరు చెప్పి, పని అవ్వగానే డ్రాయింగ్‌లు తిరిగి తీసేసుకునేవాడట.

ఈ ఒక్క పాయింట్ దగ్గర ఆగండి. జాబ్ వర్క్‌లో డ్రాయింగ్ తిరిగి ఇచ్చేయమనడం మామూలే. పార్ట్ దేనికి అని అడగకపోవడం కూడా మామూలే. నిజానికి అడిగితే కస్టమర్ చిరాకు పడతాడేమో అని మనవాళ్లు ఇంకా మొహమాటపడతారు. కంపెనీకి శిక్ష పడలేదు కానీ పేరు మాత్రం ప్రపంచం మొత్తం తిరిగింది. మలేషియా 2010లో ప్రత్యేకంగా ఎగుమతి నియంత్రణ చట్టం చేసుకుంది. ఆ నెట్‌వర్క్ బయటపడ్డాకే, 2004 ఏప్రిల్ 28న ఐరాస భద్రతా మండలి 1540వ తీర్మానం చేసి, ప్రతి దేశమూ ఇలాంటి చట్టాలు పెట్టుకోవాల్సిందే అని చెప్పింది. మన 2005 చట్టం ఆ మరుసటి ఏడాది వచ్చింది.

మన దగ్గర కేసులు లేవా?

ఉన్నాయి. ఢిల్లీకి చెందిన ఎన్ఈసీ ఇంజనీర్స్ అనే కంపెనీ 1998–2001 మధ్య దుబాయ్, జోర్డాన్ మీదుగా ఇరాక్‌కి టైటానియం పరికరాలు, పంపులు, అల్యూమినియం పౌడర్ లాంటివి పంపిందన్నది అప్పట్లో పెద్ద వ్యవహారం. అమెరికా ఆంక్షలు పెట్టింది. సరుకు పేర్లు వింటే పటాన్‌చెరులో ఏ స్టోర్ ఇన్‌చార్జ్‌కైనా తెలిసినవే.

రివర్స్‌లో మనవాళ్లు పట్టుకున్నవీ ఉన్నాయి. 2024 జనవరిలో ముంబై దగ్గర నవా షేవా రేవులో, చైనా నుంచి కరాచీ వెళ్తున్న ఓ నౌకలో ఇటలీ తయారీ సీఎన్‌సీ మెషీన్ ఆపేశారు. పాకిస్థాన్ అణు కార్యక్రమానికి పనికొస్తుందని డీఆర్‌డీవో నిపుణులు చెప్పారు. 'అది ఆటోమొబైల్ విడిభాగాలు చేసే ప్రైవేట్ కంపెనీ తెప్పించుకున్న మామూలు లేత్ మెషీన్' అన్నది పాకిస్థాన్ జవాబు. అదే ఏడాది మే నెలలో తమిళనాడు కాట్టుపల్లి రేవులో, రావల్పిండి వెళ్తున్న 2,560 కిలోల టియర్ గ్యాస్ రసాయనం పట్టుకున్నారు. అది స్కోమెట్ లిస్ట్‌లో ఉన్నదే.

పాకిస్థాన్ ఇచ్చిన జవాబు నిజమా, అబద్ధమా అన్నది పక్కనపెట్టండి. 'ఆటో విడిభాగాలకి సీఎన్‌సీ' అనే మాటే ఈ సమస్య ఎంత క్లిష్టమో చెబుతుంది. ఆ మెషీన్‌తో నిజంగానే ఆటో పార్టులు చేయొచ్చు. సోమవారం ఆటో పార్టు, మంగళవారం ఇంకోటి. మెషీన్‌కి తేడా తెలియదు.

అమెరికా లిస్ట్ ఇంకో తలనొప్పి

మన లైసెన్స్ ఉంటే చాలదా? ఇక్కడే చాలామంది ఇరుక్కుంటున్నారు. 2024 అక్టోబర్ 30న అమెరికా ఒకేసారి దాదాపు 400 కంపెనీలు, వ్యక్తులపై ఆంక్షలు ప్రకటించింది. రష్యా సైన్యానికి పరికరాలు, టెక్నాలజీ అందేలా చేశారన్నది ఆరోపణ. అందులో 19 భారత కంపెనీలు. వాటిలో ఒకటి హైదరాబాద్‌కి చెందిన సీఎన్‌సీ మెషీన్ల కంపెనీ లోకేశ్ మెషీన్స్. మన సైన్యం కోసం 'అస్మి' అనే గన్ తయారుచేస్తున్న కంపెనీ కూడా అదే.

మూడు రోజుల తర్వాత మన విదేశాంగ శాఖ చెప్పిందేంటంటే.. తమకు తెలిసినంతవరకు ఆ లావాదేవీలు, కంపెనీలు భారత చట్టాలను ఉల్లంఘించలేదు. అమెరికా ప్రకటన కోర్టు తీర్పు కాదు. నేరం రుజువు కాలేదు. అయినా ఆ లిస్ట్‌లో పేరు వస్తే డాలర్ లావాదేవీలకి బ్యాంకులు వెనకాడతాయి, విదేశీ సప్లయర్లు విడిభాగాలు పంపడానికి ఆలోచిస్తారు. మన చట్టం ప్రకారం క్లీన్, వాళ్ల లిస్ట్ ప్రకారం కాదు. చిన్న యూనిట్‌కి ఈ రెండింటి మధ్య తేడా వివరించడానికి లాయర్ ఫీజు కట్టే స్తోమత కూడా ఉండదు.

నిజానికి ఈ ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత, ఆ ఏడాది నవంబర్‌లో అమెరికా 200కు పైగా భారత సంస్థలను ఎంటిటీ లిస్ట్‌లో పెట్టింది. హైదరాబాద్‌లోని ఎన్ఎఫ్‌సీ, ఈసీఐఎల్‌తో పాటు బీహెచ్‌ఈఎల్ హైదరాబాద్ కూడా అందులో ఉంది. అంటే పటాన్‌చెరు వెళ్లే దారిలో కనిపించే రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్. టర్బైన్లు చేసే ఫ్యాక్టరీ. 2001 తర్వాత ఆ లిస్ట్‌ను బాగా తగ్గించారు. చివరికి 2025 జనవరిలో బార్క్, కల్పక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, ఇండియన్ రేర్ ఎర్త్స్ పేర్లు కూడా తీసేశారు. పాతికేళ్లకు పైగా పట్టింది.

అందుకే ఎగుమతి నియంత్రణలంటే 'పెద్ద దేశాల పెత్తనం' అనే కోపం మన ఇంజనీర్లలో ఇప్పటికీ ఉంది. ఆ కోపంలో న్యాయం లేదని అనలేం. ఎన్‌ఎస్‌జీ పుట్టిందే 1974లో మనం చేసిన పోఖ్రాన్ పరీక్ష తర్వాత, మనలాంటి దేశాలకి సరుకు అందకుండా చూడటానికి. ఆ కూటమిలో చేరడానికి మనం 2016లో దరఖాస్తు పెట్టుకున్నాం. చైనా అడ్డుపడటంతో పని కాలేదు. మిగతా మూడు కూటముల్లో మాత్రం చేరాం. 2016లో ఎంటీసీఆర్, 2017లో వాసెనార్, 2018లో ఆస్ట్రేలియా గ్రూప్.

కానీ పెత్తనం అని కోప్పడి లిస్ట్ చదవడం మానేస్తే నష్టం మనకే. ఎందుకంటే ఇప్పుడు మనం లిస్ట్‌లు తయారుచేసే వైపు కూర్చున్నాం. ఎన్‌ఎస్‌జీలో సీటు అడిగేటప్పుడు మన రికార్డ్ క్లీన్ అని చూపించుకోవాలి. ఏదో ఒక యూనిట్ తెలియక పంపిన ఒక్క కంటైనర్ చాలు, ఆ వాదన బలహీనపడటానికి. ఇక పొరుగు దేశానికి దొడ్డిదారిన వెళ్లిన సరుకు మన మీదకే తిరిగి రావచ్చు.

లోపం ఎక్కడుంది?

నా అంచనా ప్రకారం ఈ బెల్ట్‌లో దురుద్దేశం కంటే తెలియకపోవడమే పెద్ద సమస్య. పెద్ద ఫార్మా కంపెనీ అయితే స్కోమెట్‌కి ప్రత్యేకంగా మనిషి ఉంటాడు. 20 మంది పనిచేసే మెషీన్ షాప్‌లో ఓనరే సేల్స్, ఓనరే క్వాలిటీ, ఓనరే కంప్లయన్స్. ఆయన ఎగుమతి పేపర్లన్నీ కస్టమ్స్ ఏజెంట్‌కి ఇచ్చేసి హెచ్ఎస్ కోడ్ వేయించుకుంటాడు. హెచ్ఎస్ కోడ్ పన్ను కోసం. అదొక్కటే చూస్తే స్కోమెట్ సరుకా కాదా అన్నది తేలదు. ఒకే కోడ్ కింద ఫ్రీ సరుకూ, లైసెన్స్ సరుకూ రెండూ ఉంటాయి. తేల్చేది టెక్నికల్ స్పెసిఫికేషన్. ఎన్ని లీటర్లు, ఏ లోహం, ఎన్ని మైక్రాన్లు. అది తెలిసింది ఓనర్‌కి, ఏజెంట్‌కి కాదు.

ఇంకోటి, డ్రాయింగ్. నియంత్రిత పార్ట్ డ్రాయింగ్‌ను విదేశీ కస్టమర్‌కి ఈమెయిల్ చేసినా అది ఎగుమతే. టెక్నాలజీ పంపడం కూడా చట్టంలో ఉంది. వాట్సాప్‌లో పంపితే వేరే రూలేం లేదు. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల పరిశోధన చేసేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. నియంత్రిత టెక్నాలజీ వివరాలు దేశం దాటేటప్పుడు పర్మిషన్ కావాలి.

2024 జనవరిలో డీజీఎఫ్‌టీ ఢిల్లీలో ఓ జాతీయ సదస్సు పెట్టింది. మంచిదే. కానీ ఢిల్లీ హోటల్‌లో పెట్టే సదస్సుకి పాశమైలారం నుంచి ఎవరు వెళ్తారు? పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలోనే, అసోసియేషన్ హాల్‌లో, ఓ శనివారం మధ్యాహ్నం తెలుగులో చెప్పాలి. 'ఇదిగో ఈ రియాక్టర్ లిస్ట్‌లో ఉంది, ఇది లేదు' అని ఫొటోలు చూపించి చెప్పాలి. వందల పేజీల ఇంగ్లిష్ జాబితాను తెలుగులో నాలుగు పేజీలకి కుదించి ఇచ్చినా సగం పని అయిపోతుంది. హైదరాబాద్‌లో డీజీఎఫ్‌టీ ప్రాంతీయ ఆఫీస్ ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రం సంగారెడ్డిలోనే ఉంది. కొత్త ఆఫీసేమీ కట్టక్కర్లేదు.

ఓనర్ల వైపు వాదన కూడా వినాలి. లైసెన్స్ వచ్చేసరికి ఆర్డర్ చైనాకి పోతుందని వాళ్ల బాధ. అది నిజమైన బాధే. కొన్ని రకాల రసాయనాలకు, పరికరాలకు కొన్ని దేశాల వరకు ఒకేసారి జనరల్ ఆథరైజేషన్ ఇచ్చే పద్ధతి ఇప్పుడు ఉంది. ప్రతి కన్‌సైన్‌మెంట్‌కీ మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టక్కర్లేదు. ఈ వెసులుబాటు కూడా చిన్నవాళ్లకి తెలియాలి కదా. రూల్ తెలియనివాడికి మినహాయింపు ఎలా తెలుస్తుంది?

ఆర్డర్ వస్తే ఏం చూడాలి?

కొనేవాడి వెబ్‌సైట్ చూడండి. ట్రేడింగ్ కంపెనీ అని ఉండి, ఫ్యాక్టరీ ఎక్కడా లేకుండా, ఐదు యాక్సిస్‌ల మెషీన్ కావాలంటే ఒకసారి ఆగండి. ఇన్‌స్టలేషన్ వద్దు, ట్రైనింగ్ వద్దు, వారంటీ వద్దు అంటున్నాడా? ఏ ఫార్మా కంపెనీ కూడా కొత్త రియాక్టర్ కొని వారంటీ వద్దనదు. డెలివరీ అడ్రస్ దుబాయ్ ఫ్రీ జోన్‌లో ఓ గోడౌన్ అయితే, అక్కడి నుంచి ఎక్కడికి అని రాతపూర్వకంగా అడగండి. రేటు బేరమే ఆడకుండా, మొత్తం అడ్వాన్స్ పంపిస్తానంటే సంతోషపడేముందు రెండు నిమిషాలు ఆలోచించండి. డబ్బులు ఒక దేశం నుంచి, సరుకు ఇంకో దేశానికి, పేపర్లో మూడో దేశం అయితే మీ బ్యాంక్ మేనేజరే అడుగుతాడు.. 2022 సవరణ తర్వాత వాళ్లూ జాగ్రత్తగా ఉంటున్నారు.

ఇవేవీ నేరానికి రుజువులు కావు. నిజమైన కొనుగోలుదారుల్లోనూ ఇలాంటివి కనిపిస్తాయి. కానీ రెండు మూడు ఒకేచోట కనిపిస్తే అడగాల్సిన బాధ్యత ఎగుమతిదారుదే. అనుమానం ఉంటే డీజీఎఫ్‌టీకి సరుకు స్పెసిఫికేషన్ రాసి పంపి, లిస్ట్‌లోకి వస్తుందా రాదా అని ముందే అడగొచ్చు. ఈ పని ఆర్డర్ ఒప్పుకునేటప్పుడే జరగాలి. కంటైనర్ సనత్‌నగర్ డిపోకి చేరి, షిప్పింగ్ బిల్ ఫైల్ అయ్యాక కస్టమ్స్ ఆఫీసర్ 'ఇది స్కోమెట్ కాదని రాసివ్వండి' అని అడిగితే, అప్పుడు లిస్ట్ డౌన్‌లోడ్ చేసుకుని చదవడానికి టైమ్ ఉండదు.